తోట రైలు: దక్షిణ తెలంగాణ పెరళ్ళలో ఎలక్ట్రిక్ మోడల్ రైళ్ళు – తరచుగా అడిగే ప్రశ్నలు

నల్గొండ, మహబూబ్‌నగర్, వనపర్తి, గద్వాల ప్రాంతాల్లో ఇంటి పెరట్లోనో, పొలంగట్టు దగ్గరి ఖాళీ జాగాలోనో మోడల్ రైలు వేసుకోవాలనుకునేవారి సందేహాలకు ఇక్కడ సమాధానాలు ఉన్నాయి. ఈ అభిరుచి గురించి దొరికే సలహాలు ఎక్కువగా చల్లని దేశాల తోటలను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మన ఎండకు, మన నేలకు, మన బోరు నీళ్ళకు అవి అన్నిచోట్లా సరిపోవు. రైలు కొనే ముందు నేలను చూడాలన్నది ఈ సమాధానాలన్నింటి వెనుక ఉన్న అభిప్రాయం.

తోట రైలు అంటే ఏమిటి? ఇంట్లో ఆడుకునే బొమ్మ రైలుకు, దీనికి తేడా ఏమిటి?

ఆరుబయట, నిజమైన మట్టి మీద, నిజమైన మొక్కల నడుమ శాశ్వతంగా పరిచిన పట్టాలపై నడిచే పెద్ద సైజు మోడల్ రైలును తోట రైలు అంటారు. ఇంజను లోపల ఎలక్ట్రిక్ మోటారు ఉంటుంది. బయటికి అది ఆవిరి ఇంజనులాగానో, డీజిల్ ఇంజనులాగానో కనిపించవచ్చు, నడిపించేది మాత్రం కరెంటే. ఈ పద్ధతికి విస్తృతమైన ఆదరణ 1968లో వచ్చింది. జర్మనీకి చెందిన లేమాన్ సంస్థ ఆ ఏడాది న్యూరెంబర్గ్ బొమ్మల ప్రదర్శనలో ఎల్‌జీబీ పేరుతో 45 మిల్లీమీటర్ల గేజి (రెండు పట్టాల మధ్య దూరం) రైళ్ళను ప్రవేశపెట్టింది. వానకు తడిసినా, ఎండకు ఎండినా తట్టుకునే పట్టాలు, చక్రాలు, ప్లాస్టిక్ స్లీపర్లు (పట్టాల కింది అడ్డ దిమ్మెలు) వాటి ప్రత్యేకత. ఆ 45 మిల్లీమీటర్ల కొలతే నేటికీ ప్రపంచమంతటా తోట రైళ్ళకు ప్రధాన ప్రమాణంగా నిలిచింది.

ఏ స్కేలు ఎంచుకోవాలి? మన రైళ్ళకు సరిపోయే కొలత ఏది?

కొత్తవారిని ఎక్కువగా తికమకపెట్టే ప్రశ్న ఇది. పట్టాల మధ్య దూరం ఒకటే అయినా, దానిపై నడిచే బండ్ల స్కేలు (అసలు బండికన్నా నమూనా ఎన్ని రెట్లు చిన్నదో చెప్పే లెక్క) మారుతూ ఉంటుంది. 45 మిల్లీమీటర్ల పట్టాపై 1:32 స్కేలు బండి నడిస్తే అది 1435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి నమూనా అవుతుంది. అదే పట్టాపై 1:22.5 స్కేలు బండి నడిస్తే మీటరుగేజికి నమూనా అవుతుంది, ఎందుకంటే వెయ్యి మిల్లీమీటర్లను 22.5తో భాగిస్తే 44.4 వస్తుంది. మన బ్రాడ్‌గేజి 1676 మిల్లీమీటర్లు. దాన్ని 45 మిల్లీమీటర్ల పట్టాపై సరిగ్గా చూపించాలంటే స్కేలు సుమారు 1:37 కావాలి. ఆ స్కేలులో తయారైన బండ్లు అరుదు కాబట్టి ఇంజను నుంచి పెట్టె వరకు అన్నీ మనమే చేసుకోవాల్సి వస్తుంది.

అందుకే ఈ ప్రాంతం వారికి మీటరుగేజిని సూచిస్తున్నాము. ఇది కేవలం సౌకర్యం కోసం చెప్పే మాట కాదు. సికింద్రాబాద్ నుంచి జడ్చర్ల, మహబూబ్‌నగర్, దేవరకద్ర, గద్వాల మీదుగా కర్నూలు వైపు పోయే లైను నిజాం కాలంలో మీటరుగేజిగానే పుట్టింది. 1990లలో బ్రాడ్‌గేజిగా మారేదాకా వై.పి., వై.జి. ఆవిరి ఇంజన్లు, ఆ తరువాత వై.డి.ఎం-4 డీజిల్ ఇంజన్లు మీటరుగేజి లైన్లను నడిపించాయి. పెద్దల జ్ఞాపకాల్లో మాత్రమే మిగిలిన ఆ రైలును, సరైన స్కేలులో, సరైన గేజిపై, ఆ నేల మీదే మళ్ళీ నడిపే అవకాశం ఈ 45 మిల్లీమీటర్ల పట్టా ఇస్తుంది. నల్గొండ మీదుగా వలిగొండ, చిట్యాల, మిర్యాలగూడ వైపు పోయే లైను మొదటి నుంచీ బ్రాడ్‌గేజి. దాన్నే నమూనాగా తీసుకోవాలనుకునేవారు 1:32 బండ్లతో మొదలుపెట్టి, గేజిలోని చిన్న తేడాను సర్దుకుపోవడం మేలు.

ఎంత స్థలం కావాలి?

దుకాణంలో దొరికే మొదటి రకం వంపు పట్టాల వ్యాసార్థం 600 మిల్లీమీటర్లు. పన్నెండు ముక్కలు కలిపితే సుమారు 1.2 మీటర్ల వెడల్పు గుండ్రం అవుతుంది. చిన్న ఇంజన్లు, రెండిరుసుల వ్యాగన్లు దానిపై తిరుగుతాయి. కాని మన మీటరుగేజి ప్రయాణికుల పెట్టె నిజంలో 19 మీటర్లకు పైగా ఉంటుంది, అంటే మోడల్‌లో 85 సెంటీమీటర్లు దాటుతుంది. అంత పొడవైన పెట్టె ఆ వంపులో తిరగదు, తిరిగినా పెట్టెలు ఒకదానినొకటి నెట్టుకుని పట్టా తప్పుతాయి. పొడవైన పెట్టెలు నడపాలనుకుంటే వ్యాసార్థం కనీసం 1.2 మీటర్లు, వీలైతే 2 మీటర్లు పెట్టుకోవాలి. అప్పుడు ఐదు మీటర్ల వెడల్పు, పది మీటర్ల పొడవు ఉన్న జాగా హాయిగా సరిపోతుంది. జాగా తక్కువగా ఉంటే గుండ్రం మానేసి, గోడ వెంబడి రెండు స్టేషన్ల మధ్య ముందుకూ వెనక్కూ నడిచే లైను వేసుకోవచ్చు. ఇరుకు గుండ్రం కన్నా అదే చూడటానికి నిండుగా ఉంటుంది.

మా పెరడు నల్లరేగడి. పట్టాలు వేస్తే నిలుస్తాయా?

నేరుగా వేస్తే నిలవవు. నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెరలు విచ్చుతుంది. ఏడాదికి ఒక్కసారి ఈ ఉబ్బూ తగ్గూ జరిగినా పట్టా ఒకచోట లేచి, ఒకచోట కుంగి, ఒక పక్కకు ఒరుగుతుంది. నిజమైన రైల్వే ఇంజినీర్లకు కూడా నల్లరేగడి మీద కట్ట వేయడం కష్టమైన పనే. మన మోడల్‌కు ఆ కష్టం ఇంకా ఎక్కువ, ఎందుకంటే చక్రం అంచు ఎత్తు రెండు మూడు మిల్లీమీటర్లే కాబట్టి పట్టాలో కొద్ది మిల్లీమీటర్ల తేడా వచ్చినా బండి పడిపోతుంది.

ఇందుకు రెండు మార్గాలు ఉన్నాయి. మొదటిది, లైను పోయే దారి వెంట అడుగు వెడల్పు, అడుగు లోతు కాలువ తవ్వి, రేగడిని పూర్తిగా తీసివేసి, మొరం నింపడం. మొరాన్ని ఒకేసారి పోయకుండా మూడు నాలుగు అంగుళాల పొరలుగా వేసి, ప్రతి పొరనూ తడిపి, దిమ్మిసతో గట్టిగా కొట్టాలి. పైన రెండు అంగుళాల మందాన క్రషర్ డస్టు పరిచి, రసమట్టంతో చూసుకుంటూ చదును చేయాలి. ఆ పైన పట్టా, పట్టా చుట్టూ సన్న కంకర. కాలువకు ఇరుపక్కలా నీరు నిలవకుండా వాలు ఇవ్వాలి. నీరు కిందికి దిగితే ఎంత మొరం పోసినా ఫలితం ఉండదు.

రెండవది, మాకు ఎక్కువ నచ్చినది, లైనును నేల నుంచి పైకి ఎత్తడం. మన దగ్గర పొలాలకు కంచె వేయడానికి వాడే రాతి కడీలు అన్ని ఊళ్ళలోనూ దొరుకుతాయి. వాటిని నెరలు పట్టే లోతు దాటేలా రెండున్నర మూడు అడుగులు పాతి, పైకి రెండడుగుల ఎత్తు వదిలి, వాటి తలలన్నీ ఒకే మట్టంలోకి తెచ్చి, పైన తాండూరు బండలు పరిస్తే వానకూ ఎండకూ కదలని దారి సిద్ధమవుతుంది. రెండు కడీల మధ్య దూరం బండ పొడవుకు మించకూడదు. ఖర్చు కొంచెం ఎక్కువైనా దీని లాభాలు చాలా ఉన్నాయి. వంగకుండా నిలబడి పని చేసుకోవచ్చు, వాన నీరు కిందనుంచి పోతుంది, తుంగ గడ్డి పట్టాల్లోకి రాదు, రైలు కంటికి దగ్గరగా కనిపిస్తుంది. ఇంట్లో వృద్ధులు ఉంటే కుర్చీలో కూర్చునే నడపవచ్చు.

చల్కా నేల ఉన్నవారికి ఇంత శ్రమ అక్కరలేదు. ఎర్ర చల్కాలో నీరు త్వరగా ఇంకుతుంది, నేల పెద్దగా ఉబ్బదు. అర అడుగు తవ్వి మొరం, డస్టు వేసి దిమ్మిస కొడితే చాలు. ఒక వానాకాలం గడిచాక కుంగినచోట మళ్ళీ డస్టు నింపి సరిచేయాలి.

కంకర ఏ సైజుది వాడాలి?

క్రషర్లలో దొరికే మూడు నుంచి ఆరు మిల్లీమీటర్ల కోణాలున్న గ్రానైట్ ముక్కలు సరిపోతాయి. నదీ గులకరాళ్ళు గుండ్రంగా ఉండి జారిపోతాయి కాబట్టి పనికిరావు. కంకరలో కొంత డస్టు కలిపితే ముక్కలు ఒకదానితో ఒకటి పట్టుకుంటాయి. సిమెంటు పోసి బిగించవద్దు. అలా చేస్తే ఎండాకాలంలో ఏమవుతుందో కింది సమాధానంలో వివరించాము.

రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పట్టాలు వంగిపోవా?

స్వేచ్ఛ ఇవ్వకపోతే తప్పకుండా వంగుతాయి. ఇత్తడి పట్టా ప్రతి మీటరుకు, ప్రతి డిగ్రీ వేడికి సుమారు 0.019 మిల్లీమీటర్లు పెరుగుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల వద్ద ఉన్న పట్టా మే నెల మధ్యాహ్నం నేరుగా ఎండ తగిలి 65 డిగ్రీలకు చేరిందనుకుందాం. తేడా 50 డిగ్రీలు. అంటే పది మీటర్ల పట్టా దాదాపు తొమ్మిదిన్నర మిల్లీమీటర్లు సాగుతుంది. అల్యూమినియం అయితే పదకొండున్నర మిల్లీమీటర్లు. ఆ పెరుగుదలకు చోటు లేకపోతే పట్టా పాములా మెలికలు తిరుగుతుంది.

కాబట్టి మూడు జాగ్రత్తలు తీసుకోవాలి. పట్టాను బండకు బిగించేటప్పుడు స్క్రూ రంధ్రాన్ని స్క్రూ కన్నా వెడల్పుగా చేసి వదులుగా ఉంచాలి, లేదా అసలు బిగించకుండా కంకరలో తేలియాడనివ్వాలి. ముక్కలు కలిపేటప్పుడు ఖాళీ వదలాలి. ఉదయం 30, 35 డిగ్రీల వద్ద పని చేస్తుంటే మీటరున్నర ముక్కకు ఒక మిల్లీమీటరు చాలు, చలికాలంలో వేస్తే రెట్టింపు వదలాలి. ఇక పొడవైన తిన్నని దారిలో ఐదారు మీటర్లకు ఒక జారుడు అతుకు పెట్టి, దాని మీదుగా మెత్తని వైరు ముక్కను అతికితే పట్టా జరిగినా కరెంటు ఆగదు. ఈ పని డిసెంబరు, జనవరిలో కన్నా ఫిబ్రవరి చివర చేసుకోవడం సులభం.

పట్టాలు ఏ లోహంవి తీసుకోవాలి?

పట్టాల ద్వారానే కరెంటు ఇవ్వదలచుకుంటే ఇత్తడి. దాని మీద వచ్చే నల్లని పొరను తరచూ తుడవాలి కాని, కరెంటు బాగా పారుతుంది, వంచడం తేలిక, అతుకులు వేయడం తేలిక. స్టెయిన్‌లెస్ స్టీలు పట్టాకు తుడిచే పని తక్కువ, అయితే ధర ఎక్కువ, కరెంటుకు నిరోధమూ ఎక్కువ, వంచడం కష్టం. బ్యాటరీతో నడిపేవారికి మాత్రం అల్యూమినియం చౌకగా, చక్కగా సరిపోతుంది. స్లీపర్ల ప్లాస్టిక్‌కు అతినీలలోహిత కిరణాలను తట్టుకునే గుణం ఉన్నదో లేదో కొనే ముందే అడిగి తెలుసుకోండి. ఆ గుణం లేని ప్లాస్టిక్ మన ఎండకు త్వరలోనే పెళుసుబారి విరుగుతుంది.

రైలుకు కరెంటు ఇచ్చే పద్ధతులు ఏవి? మనకు ఏది మంచిది?

మొదటి పద్ధతి పాతది, సరళమైనది. రెండు పట్టాలకూ సున్నా నుంచి 24 వోల్టుల దాకా డీసీ కరెంటు ఇస్తారు. వోల్టేజి పెంచితే వేగం పెరుగుతుంది, ప్లస్సూ మైనస్సూ తారుమారు చేస్తే బండి వెనక్కి నడుస్తుంది. ఒకే రైలు ఉన్నవారికి ఇది చాలు. రెండు రైళ్ళు ఉంటే రెండూ ఒకే వేగంతో, ఒకే దిక్కుకు పోతాయి కాబట్టి లైనును భాగాలుగా విడగొట్టి స్విచ్చులు పెట్టాలి.

రెండవది డీసీసీ అనే డిజిటల్ పద్ధతి. ఇందులో పట్టాలపై ఎప్పుడూ పూర్తి వోల్టేజి ఉంటుంది. దానితో పాటే ఆజ్ఞలు కూడా ప్రయాణిస్తాయి. ప్రతి ఇంజను లోపల ఒక డీకోడరు ఉండి, తన నంబరుకు వచ్చిన ఆజ్ఞను మాత్రమే పాటిస్తుంది. ఒకే పట్టాపై నాలుగు ఇంజన్లను నాలుగు వేగాలతో నడపవచ్చు, దీపాలు వెలిగించవచ్చు, హారన్ మోగించవచ్చు. కాని పట్టాలు శుభ్రంగా లేకపోతే బండి తడబడుతూ ఆగిపోతుంది.

మూడవది, ఇంజనులోనో దాని వెనుక వ్యాగనులోనో బ్యాటరీ పెట్టి రేడియో కంట్రోలుతో నడపడం. 18650 రకం లిథియం సెల్లులు నాలుగు వరుసగా కలిపితే 14.8 వోల్టులు వస్తాయి. పూర్తిగా చార్జ్ చేసినప్పుడు అది 16.8 వోల్టులు. మూడు ఆంపియర్-అవర్ల సామర్థ్యం ఉండి, ఇంజను సగటున ఒక ఆంపియరు తీసుకుంటే దాదాపు మూడు గంటలు నడుస్తుంది. పట్టాల్లో కరెంటు ఉండదు కాబట్టి వైరింగు లేదు, అతుకుల గొడవ లేదు, తుడిచే పని కూడా ఆకులు, రాళ్ళు తీయడంతో సరి. ఇంట్లో కరెంటు పోయినా రైలు ఆగదు.

చిన్న గుండ్రం, నీడ ఉన్న పెరడు, రోజూ చూసుకునే తీరిక ఉంటే డీసీసీ ఇచ్చే ఆనందం వేరు. ముప్పై మీటర్లు దాటిన లైనుకు, దుమ్ము ఎక్కువగా లేచే ఊళ్ళకు, బోరు నీళ్ళతో మొక్కలు పెంచే తోటలకు బ్యాటరీయే సరైనదని మా దృఢమైన అభిప్రాయం. బ్యాటరీకి రక్షణ సర్క్యూటు తప్పనిసరి. సాధారణ లిథియం సెల్లులను 45 డిగ్రీలకు మించిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో నడిపి తెచ్చిన బ్యాటరీని ఇంట్లో చల్లారనిచ్చి, తరువాతే చార్జరుకు పెట్టండి.

రేడియో కంట్రోలు కొనేటప్పుడు ఇంకొక విషయం చూడాలి. మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండులో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేదు. అమెరికా మార్కెట్ కోసం తయారైన కొన్ని పరికరాలు 900 మెగాహెర్ట్జ్ దాటిన బ్యాండులో పనిచేస్తాయి. ఆ బ్యాండు ఇక్కడ అలా స్వేచ్ఛగా వాడుకోవడానికి వదిలినది కాదు కాబట్టి 2.4 గిగాహెర్ట్జ్ పరికరమే తీసుకోండి.

దూరం పోయేకొద్దీ రైలు నెమ్మదిస్తోంది. ఎందుకు?

వైరులోనూ, పట్టాల అతుకుల్లోనూ వోల్టేజి పోతున్నది. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు నిరోధం కిలోమీటరుకు సుమారు 12 ఓములు. ఇరవై మీటర్ల దూరానికి పోయి రావడం కలిపి నలభై మీటర్లు, అంటే దాదాపు అర ఓము. మూడు ఆంపియర్లు పారితే వోల్టున్నర అక్కడే ఖర్చవుతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే ఆ నష్టం ఒక వోల్టులోపే ఉంటుంది. ఇక అతుకుల్లో దుమ్ము, తేమ చేరితే నష్టం ఇంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. లైను వెంట మందపాటి వైరు జత ఒకటి నడిపి, ఐదారు మీటర్లకు ఒకసారి పట్టాకు కలపండి. అతుకులకు మామూలు జారుడు ముక్కలకు బదులు స్క్రూతో బిగించే ఇత్తడి క్లాంపులు వేయండి.

పిల్లలు పట్టాలు ముట్టుకుంటే షాక్ కొడుతుందా?

పట్టాలపై ఉండే 24 వోల్టులలోపు కరెంటు పొడి చేతికి షాక్ ఇవ్వదు. ప్రమాదం 230 వోల్టుల వైపు ఉంది. ట్రాన్స్‌ఫార్మరు ఎప్పుడూ ఇంటి లోపల, పొడిగా ఉన్న గోడకు ఉండాలి. తోటలోకి తక్కువ వోల్టేజి వైరు మాత్రమే రావాలి. ఎక్స్‌టెన్షన్ బోర్డును తోటలోకి లాగడం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఆ ప్లగ్గు ఉన్న సర్క్యూటుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చు) పెట్టించండి. ఉరుములు మెరుపులు మొదలైతే తోటకు పోయే వైర్లను పూర్తిగా విడదీయండి.

పట్టాల మీద తెల్లని పొర ఏర్పడుతోంది. ఏమిటది?

బోరు నీటిలోని లవణాలు అవి. మన జిల్లాల నీటిలో ఫ్లోరైడ్ సంగతి అందరికీ తెలిసినదే, కాని పట్టాలకు ఇబ్బంది చేసేది నీటి కఠినత్వం. స్ప్రింక్లరుతో చల్లిన నీరు పట్టాపై ఆరిపోయి సున్నపు పొరను మిగులుస్తుంది. ఆ పొర కరెంటును అడ్డుకుంటుంది. బత్తాయి తోటలకు వేసే డ్రిప్ పైపులనే మొక్కల మొదళ్ళ దగ్గరికి వేసుకుంటే పట్టా తడవదు, నీరు కూడా ఆదా అవుతుంది. ఇప్పటికే పట్టిన పొరను గిన్నెలు తోమే పచ్చని నైలాన్ పీచును పొడవైన కర్రకు కట్టి రుద్ది, ఆపైన ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వాడవద్దు. అది గీతలు పెడుతుంది, ఆ గీతల్లో మురికి మరింత త్వరగా చేరుతుంది.

లైను ఎంత ఎత్తు ఎక్కవచ్చు?

వంద సెంటీమీటర్లకు రెండు సెంటీమీటర్లు మంచిది, నాలుగు దాటకూడదు. ఒక లైను మరొక లైను మీదుగా దాటాలంటే బండి పోవడానికి 20 సెంటీమీటర్ల ఖాళీ, వంతెన బండ మందం మూడు సెంటీమీటర్లు, మొత్తం 23 సెంటీమీటర్లు ఎక్కాలి. రెండు శాతం వాలుతో అందుకు పదకొండున్నర మీటర్లు కావాలి. చిన్న పెరట్లో ఇది కుదరదు కాబట్టి అక్కడ లైను సమతలంగా ఉంచి, చుట్టూ మట్టిని ఎత్తు పల్లాలుగా మలచండి. చూసేవారికి రైలే కొండ ఎక్కుతున్నట్టు అనిపిస్తుంది.

పైన కరెంటు తీగలు కూడా వేయాలా?

వేస్తే అందం, కాని మన మీటరుగేజి లైనుకు అవి చారిత్రకంగా సరిపోవు. దేశంలో మీటరుగేజికి కరెంటు తీగలు వచ్చింది చెన్నై ప్రాంతంలోనే. అక్కడి బీచ్–తాంబరం లైనుపై 1931లోనే ఎలక్ట్రిక్ రైళ్ళు నడిచాయి. 1960లలో జపాన్ నుంచి వచ్చిన వై.ఎ.ఎం-1 మీటరుగేజి ఎలక్ట్రిక్ ఇంజను కూడా ఆ వైపుదే. ఈనాటి బ్రాడ్‌గేజిని చూపించేవారు తీగలు వేసుకోవచ్చు.

కొలతలు నిజమైన లైను నుంచి తీసుకోండి. మన రైల్వేలో 25 కిలోవోల్టుల తీగ సాధారణంగా పట్టా నుంచి 5.5 మీటర్ల ఎత్తున ఉంటుంది, రెండు స్తంభాల మధ్య దూరం 72 మీటర్లకు మించదు, పాంటోగ్రాఫ్ (తీగ నుంచి కరెంటు అందుకునే, ఇంజను పైన ఉండే చట్రం) ఒకే చోట అరగకుండా తిన్నని దారిలో తీగను మధ్యరేఖ నుంచి ఇటు 200, అటు 200 మిల్లీమీటర్లు జరుపుతూ కడతారు. 1:32 స్కేలులో ఈ మూడూ వరుసగా 17 సెంటీమీటర్లు, రెండుంబావు మీటర్లు, ఆరు మిల్లీమీటర్లు అవుతాయి. వంపుల్లో స్తంభాలు ఇంకా దగ్గరగా రావాలి. తీగలో కరెంటు ఉంచకుండా అలంకారంగానే వదిలేయడం మంచిది. ఎండకు తీగ సాగి వేలాడకుండా నిజమైన లైనులో బరువులు కట్టి లాగుతారు. మనకు చివర ఒక చిన్న స్ప్రింగు చాలు.

ఏ మొక్కలు నాటాలి?

ఆకు చిన్నదిగా ఉంటే మొక్క చెట్టులా కనిపిస్తుంది. మరువం, దవనం, కత్తిరించి పెంచే డ్యురాంటా, జేడ్ మొక్క, నేలపై పరచుకునే గడ్డి గులాబి మన ఎండకు ఓర్చుకుంటాయి. వేప నీడ రైలుకు మంచిదే, కాని ఆకు రాలే కాలంలోనూ, పండ్లు రాలే కాలంలోనూ రోజూ ఊడ్చాలి. చింత చెట్టు కింద లైను వేయకండి. ఆ సన్నని ఆకు పాయింట్ల (బండిని ఒక లైను నుంచి మరొక లైనుకు మళ్ళించే కదిలే పట్టాల) సందుల్లో చేరితే తీయడం చాలా కష్టం. రావి, మర్రి వేళ్ళు కట్టను లేపుతాయి. తుంగను మాత్రం పట్టాలు వేయకముందే గడ్డలతో సహా తవ్వి తీయాలి, తరువాత అది ఏ గుడ్డ పరిచినా చీల్చుకుని పైకి వస్తుంది.

చెదలు, చీమలు, కోతులు, తేళ్ళు – వీటితో ఎలా?

చెక్కను నేలకు తగలనివ్వకపోతే చెదల బాధ తీరుతుంది. స్టేషన్లను రాయి, సిమెంటు, పీవీసీ ఫోమ్ షీటుతో కట్టండి. పాయింట్ల మోటార్ల పెట్టెల్లో చీమలు గూడు పెడతాయి కాబట్టి వైరు దూరే రంధ్రాలను సిలికాన్‌తో మూసివేయాలి. సొరంగం మీటరు పొడవు మించకూడదు, పైకప్పు తీసి చూసేలా ఉండాలి. లోపల తేలు ఉండవచ్చు కాబట్టి ఏనాడూ చేయి పెట్టకుండా కర్రతో చూడండి. కోతులు తిరిగే ఊళ్ళలో విడిగా ఉండే బొమ్మ మనుషులు, దీపస్తంభాలు నిలవవు. వాటిని రైలుతో పాటు తెచ్చి, రైలుతో పాటు లోపలికి తీసుకుపోవాలి.

బండ్లను బయటే ఉంచవచ్చా? వానలో నడపవచ్చా?

పట్టాలు బయట, బండ్లు లోపల. సన్నని జల్లులో కాసేపు నడిపినా మంచి ఇంజనుకు నష్టం లేదు, ఇంటికి తెచ్చి తుడిచి ఆరబెట్టాలి. వానకన్నా ఎండే ప్రమాదకరం. మూడు డైమెన్షన్ల ప్రింటరుతో సొంతంగా పెట్టెలు చేసుకునేవారు పీఎల్‌ఏ ప్లాస్టిక్ వాడవద్దు. అది సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది, మే నెల ఎండలో నల్లరంగు పైకప్పు ఆ వేడిని సులభంగా చేరుతుంది. ఏఎస్‌ఏ గాని ఏబీఎస్ గాని వాడండి. వేసవిలో ఉదయం తొమ్మిదికి ముందు, సాయంత్రం ఐదు తరువాత నడపడం బండికీ మనిషికీ మంచిది.

చుట్టుపక్కల ఏమి కట్టాలి?

చూసినది కట్టండి. మన కొండలు గుండ్రని గ్రానైట్ బండలు ఒకదానిపై ఒకటి పేర్చినట్టుంటాయి, అటువంటి రాళ్ళు తెచ్చి మూడో వంతు మట్టిలో పాతితే సహజంగా కనిపిస్తాయి. గద్వాలకు ముందు కృష్ణా నది మీది పొడవైన వంతెన ఈ లైనుకు ప్రాణం. దాన్ని పూర్తి పొడవుతో కట్టలేము కాబట్టి నాలుగైదు ఖానాలు మాత్రం సరైన కొలతలతో కట్టి, మిగిలినది వదిలేయాలి. అన్నిటినీ సమంగా కుదించడం కన్నా తక్కువ కట్టి, కట్టినంతమేర నిజంగా కట్టడం మంచిది. నాగార్జునసాగర్ ఆనకట్ట ఎత్తు 124 మీటర్లు. 1:22.5 స్కేలులోనూ అది ఐదున్నర మీటర్లు అవుతుంది కాబట్టి ఆ ఆలోచన విరమించుకోవాలి. స్టేషను పేరు పలక మాత్రం తప్పక పెట్టండి, పసుపు రంగు మీద నల్లని అక్షరాలతో. పిల్లలు ముందుగా చదివేది అదే.

సామాను ఎక్కడ దొరుకుతుంది? మొదట ఏమి కొనాలి?

పట్టాలు, ఇంజన్లు ఎక్కువగా విదేశాల నుంచి తెప్పించుకోవాలి. కస్టమ్స్ సుంకం, రవాణా ఖర్చు కలిపి లెక్క వేసుకున్నాకే ఆర్డరు పెట్టండి. మిగిలినదంతా ఇక్కడిదే: కడీలు, బండలు, కంకర, వైరు, డ్రిప్ పైపు, సెల్లులు. మొదట ఒక చిన్న ఇంజను, రెండు వ్యాగన్లు, పది మీటర్ల పట్టా చాలు. వాటితో ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడవనివ్వండి. మీ నేల ఎక్కడ కుంగుతుందో, నీరు ఎటు పారుతుందో అప్పుడు తెలుస్తుంది. లైను పెంచడం ఆ తరువాతి పని.

గుండ్రంగా తిప్పడమేనా, ఇంకేమైనా చేయవచ్చా?

గుండ్రంగా తిరిగే రైలును కొన్నాళ్ళు చూస్తే విసుగు పుట్టవచ్చు. నిజమైన రైల్వేలా నడిపితే ఆ విసుగు రాదు. రెండు స్టేషన్లు, వాటి మధ్య ఒంటి లైను, ఒక్కో స్టేషనులో ఒక లూపు లైను (ఎదురుగా వచ్చే రైలుకు దారి ఇచ్చే పక్క లైను) ఉంటే ఇద్దరు మనుషులకు సాయంత్రమంతా పని ఉంటుంది. మన ఒంటి లైన్లపై ఎంతోకాలం నీల్స్ టోకెను పద్ధతి నడిచింది. స్టేషనులోని యంత్రం నుంచి వచ్చిన లోహపు బంతి డ్రైవరు చేతిలో ఉంటేనే అతడు ముందుకు కదలాలి, ఒక బంతి బయట ఉండగా రెండవది యంత్రంలోంచి రాదు. మీరు ఒక చెక్క బంతికి రంగు వేసి, చిన్న సంచీలో పెట్టి, దాన్నే టోకెనుగా వాడండి. ఒకరు మహబూబ్‌నగర్, మరొకరు దేవరకద్ర స్టేషను మాస్టరుగా ఉండి, అనుమతి అడిగి, ఇచ్చి, టోకెను అందించి, అప్పుడే బండి వదలాలి. బ్యాటరీతో నడిచే రైళ్ళలో పట్టాల కరెంటు ఆపి బండిని నిలిపే వీలు ఉండదు కాబట్టి, రెండు రైళ్ళు ఎదురుబొదురుగా రాకుండా కాపాడేది ఆ టోకెను ఒక్కటే. దాన్ని పిల్లల చేతికి ఇచ్చినప్పుడు, టోకెను లేకుండా బండి కదలరాదన్న నియమం కూడా వారికి నేర్పండి.